తరుగు

కోర్టు భవనం మీద గడియారానికి
నాలుగు ముఖాలు, నాలుగు వేళలు.
ఏది నిజమని అడిగితే
మంగలి షాపు ముందు కూర్చున్నాయన
"నువ్వు దేనికి ఆలస్యమయ్యావో దాన్నిబట్టి" అన్నాడు.

తెల్ల స్తంభాల ఇంట్లో
గొడుగంత గౌను తొడుక్కున్న పిల్ల
మెట్ల కర్ర ఏ ఓడలో వచ్చిందో చెప్పింది,
నిలువుటద్దం ఏ దేశందో చెప్పింది.
పెరట్లో వంటిల్లు మాత్రం
మరమ్మతులో ఉందట,
ఎప్పట్నుంచో.

ఎండ. పీచ్ ఐస్‌క్రీం మోచేతి దాకా కారింది.
పాత సామాన్ల కొట్లో దూరాం, ఫ్యాను కోసమే.
సీసాల నిండా గుండీలు, ఎవరివో పెళ్లి ఫొటోలు,
చివర దూలానికి వేలాడుతూ
పత్తి తూచే కాటా. ఎనభై అయిదు డాలర్లు.
"హాల్లో పెట్టుకుంటే బావుంటుంది" అంది కొట్టామె.

లాంతరు ఒత్తి కోసం వచ్చిన వెల్మా క్రచ్‌ఫీల్డ్
దాని ముందు ఆగింది.
చేతిలోని పది పౌన్ల మొక్కజొన్న పిండి సంచీని
కొక్కేనికి తగిలించింది.
ముల్లు బద్ధకంగా కదిలి
ఎనిమిది దగ్గర కూర్చుంది.

"మా అమ్మ చెప్పేది."
మాతో కాదు, కాటాతో అంది.
"రోజూ చెప్పేది.
నీ చేతులే నెమ్మదేమో అన్నాను, ఒకసారి."

ఫ్యాను తిరుగుతోంది.
"కావాలంటే పది తగ్గిస్తాను" అంది కొట్టామె.

"తగ్గించింది చాల్లేమ్మా" అని
సంచీ దించుకుని,
ఒత్తికి డబ్బిచ్చి,
చిల్లర ఒక్కో నాణెం లెక్కపెట్టుకుని
వెళ్లింది వెల్మా.