ఉన్నది ఉన్నట్టు

ఆదివారం ఏడింటికల్లా నారాయణగూడ సమాధుల గేటు దగ్గరుంటాను.
సంచిలో నీళ్ల సీసా, మెత్తటి బ్రష్షు,
బీరువా తలుపు పగిలినప్పుడు దాచుకున్న అద్దం ముక్క,
కూర్చోడానికి పాత పేపరు.

అద్దం ముఖం చూసుకోడానికి కాదు.
అరిగిన రాతి మీదికి ఎండని ఏటవాలుగా మళ్లిస్తే
అక్షరం తన నీడని తాను పట్టుకుని లేస్తుంది.
ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు.
నైట్ డ్యూటీల్లో తడి ప్రూఫుల్ని
బల్బు కింద వంచి చదివిన అలవాటు.

ముప్పయ్యొక్కేళ్లు చప్పల్ బజార్ ప్రెస్సులో
ఊరందరి తప్పులూ దిద్దాను.
పెళ్లిపత్రికల్లో ఒత్తులు, ఎన్నికల కరపత్రాల్లో దీర్ఘాలు.
ఒక పెద్దమనిషి సంతాప ప్రకటనలో
'స్వర్గస్థులైరి'కి బదులు పడ్డ మాటని
మెషీనెక్కే ముందు పట్టుకున్నాను.
ఆ మాటేమిటో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఈ పనికి ఒకటే షరతు:
రాతి మీద ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి.
దిద్దకూడదు.

ఎవరెవరో అడుగుతారు.
నాంపల్లి స్టేషన్లో గార్డుగా చేసిన ముత్తాత,
ప్రసవాల వార్డులో నర్సు,
ఇంటిపేరు తప్ప ఇంకేమీ తెలియని మేనత్త.
దొరికితే ఫోటో పెడతాను.
దొరక్కపోతే 'దొరకలేదు' అని టైపు చేస్తాను.
నాలుగక్షరాలే,
చాలాసేపు పడుతుంది.

కాపలా ఇన్నయ్యకి చదువు రాదు, వరసలు వచ్చు.
ఎవరి పక్కన ఎవరో, ఎవరికోసం ఎవరొస్తారో,
ఎవరు రావడం మానేశారో.
"గీ లైను వానకాలం అయినంక తీస్తరమ్మా.
జాగ లేదు. ఒకల మీద ఒకలే ఇగ" అన్నాడు
బీడీ చెవి మీద పెట్టుకుని.
పోయినేడు నేను ఫోటో తీసిన వాటిలో
పదకొండు రాళ్లు
ఇప్పుడు ఫోటోల్లోనే ఉన్నాయి.

గుంతకల్లు నుంచి ఒకాయన రాశాడు:
మా అమ్మకి అక్క, రోజ్‌మణి. తొమ్మిదేళ్లు. అరవయ్యొకటి, ఆగస్టు.
మూడు ఆదివారాలు వెతికాను.
చివరికి ప్రహరీ మూల, కొళాయి కింద
ఇన్నయ్య బట్టలుతుక్కునే బండ.
సబ్బు నురగ కడిగి అద్దం పట్టాను.

'తల్లిదండ్రల ప్రేమకు గుర్తు.'

కొమ్ము లేదు.
చెయ్యి దానంతట అదే చెవి మీది పెన్సిల్ కోసం వెళ్లింది.
అక్కడ పెన్సిలూ లేదు, మార్జినూ లేదు.
తల్లిదండ్రల. అలాగే ఎక్కించాను.
పంపే ముందు ఇంకోసారి చూశాను.
దిద్దకుండా ఒక తప్పుని వదలడం
ఒంటికి ఎలా ఉంటుందో
ప్రూఫ్‌రీడర్లకి తెలుస్తుంది.

ఆయన జవాబు:
మేస్త్రీ అక్షరానికి పావలా అడిగాడట.
తాత లోకోషెడ్డు నుంచి మేకూ సుత్తీ తెచ్చి
తనే చెక్కాడట.
పలక పట్టింది ఆ ఏడాదేనట,
రోజ్‌మణి దగ్గరే.

ఆ వారమంతా ఇంకే రాయీ చదవలేదు.

ఇన్నయ్య బండని బోర్లించలేదు, అటుగా జరిపాడు.
బట్టలు ఇప్పుడు బకెట్లో జాడిస్తున్నాడు.
నేనేమీ అనలేదు, అతనూ అనలేదు.

మా అమ్మని పురానాపూల్ అవతల, మూసీ ఒడ్డున పెట్టాం.
రాయి వెయ్యలేదు. అన్న కానుగ మొక్క నాటాడు,
తర్వాతి వరదకి ఒడ్డే లేదు.
ఆమె కోసం 'దొరకలేదు' అని
ఎవరూ టైపు చెయ్యక్కర్లేదు.
ఎవరూ అడగలేదు.

బస్సులో కండక్టరమ్మ ఆధార్ చూపించమంది.
అందులో నేను సుభాషిణిని కాను, సుబాసినిని.
ఎనిమిదేళ్లయింది, దిద్దించుకోలేదు.
జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టింది.
బొటనవేలి గోటి సందులో పచ్చటి పాకురు,
ఏ అక్షరంలోదో.