బోర్లిస్తే నిలబడే చిలక

బెంగుళూరు సేటు పంపిన చిలకలు
కాగితాలకంటుకొని ఎండి ఉండాయి.
మాబున్ని పళ్లెంలో నీళ్లు పోసి
ఒక్కొక్కదాన్నీ నానబెడతాది.
కదిలీ కదలకుండా జారతాది చిలక
కట్టెమీదికి.
పాత చీర పేలికతో
నడిమి నుంచి అంచుకు బుడగలు తరుముతాది.

వేపకట్టెలో ముడి ఉన్నచోట మాత్రం అంటదు.
'ఇంగొంచెం ఉప్పుకాగితం రుద్దరాదా' అంటాది.
ఎంత రుద్దినా
ముడి ముడే.

మా నాయన కాశీంపీరా
ప్రతి పోపుడబ్బా అడుగునా
కాల్చిన మేకుతో మూడు చుక్కలు పెడుతుండె.
'రిపేరుకొస్తే మనదని తెలియాల గదప్పా.'
అడుగున ఏ గుర్తూ వద్దన్నాడు సేటు.

మొన్న ఒక చిలక తలకిందులుగా అంటింది.
ఎమ్మిగనూరుకు వాపసొచ్చిన ఆ డబ్బా
ఇప్పుడు మా పొయ్యిగట్టు మీద, జీలకర్రతో.
అది ఖాళీ అయ్యి, తుడిచి బోర్లించినప్పుడే
చిలక నిలబడతాది.
దాని నెత్తిన
నేను కాల్చిన మూడు చుక్కలు.