వేళ్ళు కనపడని నీళ్ళు

నాలుగో రోజు తొట్టి తెల్లబడింది.
బియ్యం కడిగిన నీళ్ళలో
రెండు నారింజ చేపలు, ఒక నల్లది
ఎక్కడో తిరగతా ఉండాయి.

"నాయనా, నువ్వు నీళ్ళ డాక్టరువంట గదా"
అనింది జోషిత.

నిజమే.
విడవలూరు నించి రామతీర్థం దాకా
నూటపద్నాలుగు రొయ్యల గుంటలు నా చేతి కింద.
మోచేతి దాకా ముంచుతా.
వేళ్ళు కనపడితే భయం, నీళ్ళు పలచన, రొయ్య బెదురుద్ది.
వేళ్ళు మాయమైతే
అవీ మంచి నీళ్ళు.

ఇంట్లో తొట్టి ఎంతని, రెండు క్యాన్లు.
మా గుంటలొచ్చినాక ఊళ్ళో బోర్లు ఉప్పెక్కినయ్,
చేపలకీ క్యాను నీళ్ళే.
ఆ సంగతి నేను ఎవురితోనూ ఎత్తను.

మొదటి దినం మొత్తం మార్చేశా.
పొద్దున అద్దం, మాపటికి మజ్జిగ.
రెండో దినం స్పాంజి పీకి కుళాయి కింద
చొక్కా కాలరు ఉతికినట్టు ఉతికా.
మజ్జిగ ఇంకా చిక్కబడింది.

అమ్మ కొంగుముడి విప్పి ఇండుపగింజ ఇచ్చింది.
"పెన్నకి వరదొచ్చిన ఏడు
కుండలో దీన్ని అరగదీసుకునే తాగినాం,
నువ్వు కడుపులో ఉండావప్పుడు."
అమ్మా, అది మట్టి. ఇది మట్టి కాదేమో.
కాదేమో అన్నానే గాని
చూడలా.

అప్పుడు గాజుగ్లాసు ముంచి కిటికీలో పెట్టా.
తెల్లారి అడుగున గసగసాలంత ఒండు లేదు.
ఎండకి పట్టా, పచ్చ లేదు.
ముక్కు దగ్గర పెట్టుకున్నా, తడిసిన తవుడు.
మట్టి కాదు, నాచు కాదు,
ఇది బతికుండే తెలుపు.
కంటికానని జీవాలు
మేత మిగిలిన చోట సంత పెట్టినయ్.

ఎవరు మిగిల్చారు?
"బడికి పొయ్యేటప్పుడు చిటికెడు, ఒట్టు" జోషిత.
"నోళ్ళు తెరిచి నన్నే చూస్తా ఉంటే
మధ్యాన్నం ఇంకొక్క చిటికెడు" నా భార్య మస్తానమ్మ.
అమ్మ మాట్లాడలా.
ఆమె ఒళ్ళో బొరుగులు ఉండాయి.
మరి తెల్లారుజామున నాలుక్కి
బండి తియ్యబోతా, లైటు కూడా వెయ్యకుండా
డబ్బా మూత తిప్పే చెయ్యి ఎవరిది?
గుంటలకి రోజుకి నాలుగు మేతలు.
చేతికి అలవాటు.

గుంటలో ప్రతి జబ్బుకీ ఒక బకెట్ ఉంది,
బకెట్ మీద ధర.
ఇది చల్లండి అంటే రైతుకి ధైర్యం, నాకు కమీషను.
ఏం చల్లొద్దు, నాలుగు దినాలు ఊరుకోండి
అని ఇంతవరకు ఎవరికీ చెప్పలా.
పదేళ్ళ పిల్లకి చెప్పాల్సొచ్చింది.

ఊరుకున్నాం.
మేత డబ్బా బీరువా మీద కెక్కింది.
స్పాంజిని ముట్టలా.
రోజూ రెండు చెంబులు తీసి, రెండు చెంబులు పోసి, అంతే.
గాలి మిషను రాత్రంతా గురక.
ఒక రాత్రి నల్లది పైకొచ్చి నోరు కొట్టుకునింది.
ఎకరాలెకరాలు రొయ్య తేలిన రోజు గూడా
ఇంటికొచ్చి అన్నం తిన్నోణ్ణి,
ఆ రాత్రి నీళ్ళ పక్కనే కూర్చున్నా.

జోషిత తొట్టి వెనక క్యాలెండర్ అంటించింది.
మంగళవారం ఏమీ కనపళ్ళా.
బుధవారం, ఎర్రగా ఏందో.
గురువారం అరిచింది:
"నాయనా, ఆదివారాలు కనపడతన్నయ్!"
నల్ల అంకెలు ఇంకా రాలా.

ఇయ్యాల నాలుక్కి
చెయ్యి దానంతటదే బీరువా మీదకి పోయింది.
వెనక్కి తీసుకున్నా.

తెలతెలవారతా కోటిరెడ్డి గుంట గట్టు.
మోచేతి దాకా ముంచా.
"ఎట్టుండాయి నీళ్ళు?"
వేళ్ళు కనపళ్ళా.
"బాగుండాయి" అన్నా.
కాసేపు
చెయ్యి బయటికి తియ్యలా.