చిక్కం

కల్వకుర్తి కాలువ నీళ్లు మా గట్టు దాకా వచ్చి
నాలుగేండ్లు.
గట్టు మీద గరిక ఇప్పుడు మోకాలెత్తు.
ఆ గరికలో మూతి దూర్చి
పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా
తల ఎత్తని జీవం ఒకటి ఉన్నది మా ఇంట్ల.
పేరు బెల్లం.

పెబ్బేరు సంతలో కొన్నప్పుడు కాళ్లే ఉండె, కడుపు లేకుండె.
రెండేండ్లు నిండలేదింకా,
వీపు మీద పిల్లగాణ్ని ఎక్కించే ఈడు కూడా కాదు.
ఇప్పుడు వెనక నుంచి చూస్తే
జొన్నల గుమ్మికి కాళ్లొచ్చినట్టు.

బరాతు అడగనీకి వచ్చినోళ్లు
"ఏం మెరుస్తున్నది ఖాజన్నా! ఏం పెడుతున్నవ్?" అంటరు.
నేను మీసం కింద నవ్వేటోణ్ణి
డాక్టరమ్మ వచ్చేదాకా.

ఆమె మెచ్చుకోలేదు.
జూలు కింద మెడ పట్టి వంచి చూసింది, వంగలేదు.
డొక్క మీద నా అరచెయ్యి ఆనించి
"ఎముక కంటికి కనపడొద్దు, చేతికి దొరకాలె.
దొరుకుతుందా?"
వెతికిన.
పరుపుల పోయిన సూదిని వెతికినట్టు.
ముందు గిట్టలు ముట్టి చూడుమన్నది.
అప్పుడే దించిన చాయ్ గిన్నె అంచు.
"ఇంకో నెల ఇట్లనే మేస్తే నిలబడనీకి కాళ్లుండవ్ దీనికి.
పచ్చగడ్డిలో కూడా చక్కెరే ఉంటదన్నా."

అరుగు మీద నాయిన ఆ మాట విని
మందుల డబ్బా మూత మెల్లగ మూసిండు.
ఆయనకూ చక్కెరే.

చిక్కం అల్లిన.
దుక్కిటెడ్లకు కట్టేది. ట్రాక్టర్లొచ్చినంక
ఊళ్లె అల్లేటోడే లేడు, మూడుసార్లు విప్పి అల్లిన.
కొబ్బరిపీచు తాడు, అడుగున రూపాయి బిళ్లంత కంత.
ఊపిరాడుతది, నీళ్లు తాగొచ్చు,
ఒక్కో పోచ పైకొస్తది.
బుక్క నిండదు.

కట్టిన మొదటి రోజు నాయిన అన్నం ముట్టలేదు.
"పచ్చికల నిలబెట్టి నోరు కడతవా?
యాడ నేర్చినవ్ ఈ పని?"

వనపర్తి బస్టాండు కాడ జట్కా తోలిన మనిషి.
కరువేడు ఆయన గుర్రం షబ్నం
కొట్టం మీది కప్పుగడ్డి తిని
అదీ అయిపోయినంక గోడకున్న ఎర్రమన్ను నాకి
ఒక మాపటిపూట పడుకొని లేవలేదు.
బజారు అవతల నుంచే డొక్కలెముకలు లెక్కపెట్టొచ్చట.
ఎప్పుడు చెప్పినా పదకొండు దాకా లెక్కపెట్టి
ఆపేస్తడు.

తెల్లారి చూస్తే చిక్కం ముడి ఊడి ఉండేది.
బెల్లం మూతి నిండా పసరు.
నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

పల్లికాయ సంచి సుతిలితో
ప్రతి శుక్రవారం పొట్ట కొలిచి ముడి వేసిన.
మూడు శుక్రవారాలు ముడి మీదనే పడ్డది ముడి.
మబ్బుల లేచి మేపిన, ఎండ ఎక్కకముందే కట్టేసిన.
ఎండుగడ్డిని తొట్ల నానేసి పిండి పెట్టిన.
ఆ నీళ్లు చాయ్ రంగుల దిగినయి.
వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్న.
నిజమే, తీపి.

గిట్టల వేడి దిగినంక
"రోజూ నడిపియ్యాలె" అన్నది డాక్టరమ్మ
నాయిన దిక్కు కూడా చూసి.
కాలువ కట్టెంబడి ఇద్దరూ పోతున్నరిప్పుడు.
తాడు ఎవరి చేతిలో ఉందో
దూరం నుంచి తెలవదు.
ఒకరు గరిక కనపడితే ఆగుతరు
ఒకరు మిర్చిబజ్జీల బండి కాడ.

నిన్న శుక్రవారం.
సుతిలి, ముడి కన్నా రెండు వేళ్లు లోపటికొచ్చింది.
నాయినను పిలిచి చెయ్యి పట్టి
బెల్లం డొక్కకు ఆనించిన.
కండ్లు మూసుకొని వెతికిండు.

దొరికింది.
నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి గుంజుకున్నడు.

బెల్లం చెవి ఒకటి ఇటు తిప్పి
మళ్లా కంతలకెళ్లి పోచ గుంజుడుల పడ్డది.
జెరసేపటికి
ఆ చెయ్యి తనంతట తనే పోయింది.
"ఒకటి" అన్నడు నాయిన.
రెండోది వెతకలేదు.