రెండు యూరోల టికెట్టు

తల వంచి రండి, ఈ గుమ్మం పొట్టివాళ్ళ కాలంనాటిది.
మెట్లు నూట పదమూడు. నలభయ్యోది వదులు,
దాని మీద బరువు వేయకండి.
మా తాత ఆదో ముందుపళ్ళు అక్కడే రాలాయి.

ఈ బురుజు మా దీవి అడవిని తినేసింది.
మొదట్లో నూనె లేదు, అద్దం లేదు.
పైన ఇనుప తట్ట, తట్టలో మంట.
రాత్రికి ఏడు బండ్ల దుంగలు.
దొర జర్మన్‌లో లెక్క రాసుకునేవాడు,
మావాళ్ళు వీపుల మీద మోసేవాళ్ళు.
అరవై ఏళ్ళకి దీవి గొరిగిన గుండయింది.
ఆఖరి చెట్టు పడిన రోజున
కాకులు వచ్చి బురుజు మీద గూడు కట్టాయంటారు.
అదిగో ఆ కంతలో పుల్లలు.
నిరుటివే అనుకోండి,
అయినా కాకులు అవే.

గోడలో ఓ పిల్లని పెట్టి కట్టారన్న కథ
మీ గైడు పుస్తకంలో ఉందా?
అందరూ ఆమె పేరు అడుగుతారు.
నోటికొచ్చింది చెప్తాను:
సోమవారం లేనూ, శనివారం ఎపూ.
చెప్పగానే గోడ మీద చెయ్యి వేసి చూస్తారు,
చల్లగా ఉందంటారు.
బాల్టిక్ సముద్రం మధ్య రాయి, ఇంకెలా ఉంటుంది?

అక్టోబరులో వలసపిట్టలు దీపాన్ని నమ్మి
అద్దానికి కొట్టుకుని రాలేవి.
పొద్దున్నే బకెట్లతో పిల్లలం ఏరేవాళ్ళం.
అమ్మ ఒక్కోదాని కళ్ళు వేలితో మూసి
అప్పుడు ఈకలు పీకేది.
చారు బాగుండేది. అబద్ధమెందుకు.

ఇంతవరకే రెండు యూరోలు.
ఇక్కడినుంచి ఊరికే.

ఇది లాగ్‌బుక్కు, జారు కాలంది.
రష్యన్‌లో గుండ్రటి అక్షరాలు మా ముత్తాత యాక్‌వి.
నవంబరు, ఒక గురువారం:
గాలి వాయవ్యం. మంచు. దీపం వెలిగింది.

వెలగలేదు.

మూడు చలికాలాలుగా పొయ్యిల్లో పిల్లి లేవని ఊరు.
ఆ సాయంత్రం పదకొండుమంది మగవాళ్ళు వచ్చి
అతని వంటింట్లో కూర్చున్నారట,
టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని.
ఎవరూ ఏమీ అడగలేదు.
అతను మెట్లెక్కలేదు.

ఎలా తెలుసంటారా?
పక్క గడి చూడండి, కిరోసిన్ లెక్క.
బుధవారం ఎంతో శుక్రవారమూ అంతే.
దీపం గురించి అబద్ధం రాయగలిగాడు,
నూనె గురించి చేతకాలేదు.
మరిచాడో, మనకోసం వదిలాడో.

ఓడలో రై పిండి, నీలం గుడ్డ తానులు.
శ్మశానంలో తొమ్మిదిమందికి ఒకే సిలువ,
మిగతావాళ్ళని సముద్రం ఇవ్వలేదు.
పొద్దున మీరు చర్చిలో నీలం తెర చూశారు కదా,
రంగు ఎంత నిలిచిందో అన్నారు కదా.
నా బాప్టిజం గౌనుకి అంచు కూడా అదే.

ఇప్పుడు దీపం బొటనవేలంత,
తాలిన్‌లో ఎవరో మీట నొక్కుతారు.
ఈ పుస్తకంతో ఎవరికీ పని లేదు.
అయినా రోజూ చీకటిపడ్డాక ఎక్కుతాను,
కళ్ళు మండేదాకా చూస్తాను,
చూశాకే రాస్తాను.

జాగ్రత్త,
దిగేటప్పుడు పైనుంచి లెక్కపెడితే
అది డెబ్బై నాలుగో మెట్టు.