మూత తీసేదాకా

కాజీపేట స్టేషన్ల దింపిన గోనెసంచి
ఆటోల నా కాళ్ల మధ్య కూసొని ల్యాబుకొచ్చింది.
ఝరియా బొగ్గు. నలభై ఒకటో నమూనా.
సంచి మీద ఎవరో నీలి పెన్నుతోని
"నాసి" అని రాసిన్రు,
కొట్టేసి మళ్లా అదే రాసిన్రు.

బూడిద నూటికి ముప్ఫై రెండు.
అంటే మూడు పిడికిళ్లల్ల ఒక పిడికిలి రాయి.
ఉక్కు కొలిమిల బొగ్గు కాలుడొక్కటే కాదు,
నెత్తి మీద ఇనుపరాయి కుప్పను మోసుకుంట
కాలాలె.

మా ఓదేలు గోదావరిఖనిల
ముప్ఫై ఒక్క ఏండ్లు బాయి దిగిన మనిషి.
రిటైరయి కూసోలేక ఇక్కడ సుత్తె పట్టిండు.
జల్లెడ కంటె ముందు ఆయన చెవి:
ఒక్కో పెళ్లను నేల మీద జారవిడిచి
"ఇది బొగ్గు, ఇది రాయి, ఇది రెండూ" అంటడు.
టబ్బుల రాయి కనబడితే కూలి కోసిన కాలంల
నేర్చుకున్న విద్యనట.

పొడిని కుప్ప పోసి, నెత్తి అదిమి,
నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు పాళ్లు తీస్తం.
మళ్లా కుప్ప. మళ్లా నాలుగు.
"మా చెలక గిట్లనే పంచుకుంట పోతే
నా వంతుకు గట్టు మిగిలింది."

తొట్టిల నీళ్లు, చెంచాడు డీజిలు,
నాలుగు చుక్కలు పైన్ నూనె.
మోటరు తిరుగుతుంటే అడుగు నుంచి బుడగలు.
బొగ్గుకు నీళ్లంటే గిట్టదు,
బుడగను పట్టుకొని పైకొస్తది.
రాయికి నీళ్లంటే పాణం.
నల్లటి నురుగు అంచు దాటుతుంటే
గరిటెతోని తీసి పళ్లెంల పోస్తున్న.
"మా ఇంట్ల నురుగు పారబోసి పప్పు దాస్తరు.
మీరేంది మేడమ్,
నురుగు దాసి పప్పు పారబోస్తరు!"

ఆరబెట్టి కాలిస్తే బూడిద పదిహేడు.
సంబురపడ్డ.
ఆయన బకెట్ దిక్కు చూస్తుండు.
"నూరు తట్టలు కడిగితే అరవయ్యేనా దక్కింది?
ఆ నలభై గూడ ఎవడో తవ్విందే గద."
ఇటుకబట్టీకి పోతదేమో అన్న.
నాకూ తెల్వదు.

ఇగ మూస పరీక్ష.
గ్రాము పొడి, మూత, మంట,
రెండున్నర నిమిషాలు.
మంచి బొగ్గయితే కరిగి, పొంగి,
గుండీ లెక్క గట్టిపడతది.
కడగకముందు పొడి పొడిగనే మిగిలింది.
ఇప్పుడు మూత తీస్తే
చిన్న గుండీ, ఒక దిక్కు ఒరిగి.
మూడు.
నాలుగు కావాలె.

అప్పుడడిగిండు, నేల చూపు చూసుకుంట:
"మా ఖని బొగ్గు జరంత కలిపి చూస్తరా?"
అది కరగదని ఆయనకూ ఎరుకే.
కరెంటు కోసం కాలి బూడిదయ్యే జాతి.
నూటికి పది పాళ్లు కలిపిన.
మూత తీస్తే, రెండు.
వెంట తెచ్చిన సుట్టం నలుగుట్ల మాట తూలినట్టు
ముఖం తిప్పుకున్నడు.

పొడి వదులుగ ఉంటే రేణువుకు రేణువు అందదు,
దిమ్మిస కొట్టి చూద్దామన్న.
ఇనుప డబ్బాల తడిపొడి పోసి ఆయనే కూరిండు.
బండకు తోడిన బొక్కల మందు పెట్టి
మట్టి కూరిన చేతులు:
కొంచెం, ఆగి, కొంచెం, ఆగి,
కర్రతోనే, ఇనుము తాకనియ్యకుండ.
ఇక్కడ పేలేదేం లేదంటే
"అవునవును" అంటడు, కర్ర విడవడు.

రాత్రంతా బట్టీల.
పొద్దుగాల తీసి, నీళ్లు చల్లి,
మనిషెత్తు నుంచి ఇనుపరేకు మీద వదిలినం.
మూడు ముక్కలు.
పొడి కాలేదు.

ఓదేలు పెద్ద ముక్కను గోటితోని కొట్టి
చెవికి ఆనిచ్చుకున్నడు.
నాకిచ్చిండు. నేనూ కొట్టిన.
సన్నగ, కంచు గిన్నె అంచు లెక్క.

రిజిస్టర్ల గడులున్నయ్:
తేమ, బూడిద, ఉబ్బు, ముక్కలెన్ని.
మోగిందని రాసేటందుకు గడి లేదు.
నలభై ఒకటి పక్కన రాయబోయి
చెయ్యి నల్లగున్నదని ఆగిన.
"నేను జెప్త, రాయున్రి" అన్నడు,
చెప్పకుండ
ఇంకోసారి కొట్టుకుంట.