లింబాద్రి పేరుకు ఎన్ని గడులు

సోహార్‌ల రాత్రి ఒంటిగంట.
గదిల ఆరు మంచాలు, ఏసీ ఒక్కటి,
దాని కిందికి జరిపిన నా పాత ల్యాప్‌టాప్.
గాలాడాలని అడుగున రెండు సోడా మూతలు పెట్టి
కమాండ్ కొట్టిన. ఇగ దాని పని అది.
పద్నాలుగు వేల పరీక్షలు,
ఎవరెవరో ఏ దేశంలనో కూసోని రాసినయి.
ఎవరిదీ కాని, అందరిదైన కంపైలర్‌కు
జీతం లేని కావలి నేను.

ఒక్కొక్క చుక్క పడుతది తెర మీద.
చుక్క అంటే పాసు.
పొద్దంత నేను చూసేది గేజీ ముల్లును:
పైపుల నీళ్లు నింపి, పంపు కొట్టి,
వాల్వు బిగించినంక
గంట సేపు కదలకుంట నిలబడాలె ముల్లు.
నిలబడితె సంతకం.
దాని పక్కపొంటి ఎండల నిలబడ్డోళ్ల లెక్క
ఏ కాయితంల ఉండదు.

కొన్ని పరీక్షలున్నయి,
ఫెయిలైతయని ముందే రాసి పెట్టిన్రు.
అవి ఫెయిలైతెనే పాసు.
మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చి
లింబాద్రిని లేపి చెప్పిన.
"మా బావ అసుంటోడే" అని
అటు తిరిగి పండుకున్నడు.

తొమ్మిదివేలు దాటినంక ఒక ఎర్ర అక్షరం.
నేను రాసిందే అది, మొన్న శుక్రవారం.
ప్రోగ్రాంల ఒక పేరు తెలుగుల పెట్టిన: లింబాద్రి.
ఆ పేరు పక్కన, కావాలనే, ఒక తప్పు.
కంపైలర్ తప్పు పట్టింది, మంచిగనే పట్టింది,
బాణం గుర్తు మాత్రం ఆరు గడులు అవుతల పెట్టింది,
ఏ పాపం ఎరుగని సెమికోలన్ కింద.

లిం. బా. ద్రి.
మనకు మూడు. దానికి తొమ్మిది.
గుడి వేరు, సున్న వేరు, దీర్ఘం వేరు,
పొల్లు సుత ఒక మనిషే దానికి.

జూన్‌ల నాలుగో లైనుల ఫ్లాంజి కారింది.
బోల్టులు బిగించింది రాత్రి షిఫ్టోళ్లు.
రిజిస్టర్‌ల వరుస తప్పి
వేలు వచ్చి లింబాద్రి మీద ఆగింది.
మూడు రోజుల జీతం.
వాడేమన్లే. గ్రీజు చేతులు
ఇసుకతోని రుద్దుకున్నడు, చానాసేపు.

మూడు గంటలు. కోడ్ దిద్దిన:
అక్షరాన్ని అక్షరం లెక్క ఎంచే నాలుగు లైన్లు.
మల్ల మొదటి నుంచి.
చుక్క, చుక్క, చుక్క.
ల్యాప్‌టాప్ కాగుతున్నది, ఫర్రుఖ్ దుప్పటి గుంజుకున్నడు,
కిటికీల రిఫైనరీ మంట.
తొమ్మిదివేలు దాటింది. ఊపిరి బిగబట్టిన.

ఎర్ర అక్షరం రాలె.
బాణం వచ్చి సక్కగ తప్పు కిందనే నిలబడ్డది.

పంపిన. ఎవరో చూసి కలుపుకుంటరు, లేకుంటె లేదు.
కలుపుకుంటె, నేను మొఖం చూడని మిషన్లల్ల
రోజుకొక్కసారి
లింబాద్రి పేరు పరీక్షకొస్తది.

నాలుగున్నరకు బస్సు.
వాడు బూట్లు దులుపుకుంట అడిగిండు:
"ఎంత ప్రెషర్ ఎక్కించినవ్ దానికి?"
మూడు అక్షరాలంత, అన్న.
"ఆగిందా మరి?"
ఆగింది.